ఒట్టు మీద ఇచ్చిన పుంజులు

మా అత్తగారు బతికున్న రోజుల్లో వంటింట్లో ఉల్లిపాయ తరిగితే దేవుడి గది తలుపు మూసేవారు, వాసన లోపలికి పోకూడదని. అదే ఇంట్లో ఇప్పుడు ఎనిమిదేళ్లుగా కోళ్లు పెరుగుతున్నాయి. పెంచుతున్నది ఆమె కన్న కొడుకే, మా ఆయన శ్రీధర్. జమ్మలమడుగులో రెవెన్యూ గుమాస్తా. గుడ్డు ముట్టరు. గుడ్డు కలిసిందేమోనని పుట్టినరోజు కేకు కూడా ముట్టరు. కానీ ‘దేశవాళీ జాతి కోళ్ల సంరక్షకులు’ అని కార్డు అచ్చు వేయించుకున్నారు. పక్కన పుంజు బొమ్మ, కింద ఫోన్ నంబరు. ఆఫీసు వేళల్లో తనకు తీరదని ఆ నంబరు నాది వేయించారు.

ఇదంతా ఫోన్‌లోనే మొదలైంది. మన జాతి కోళ్లు అంతరించిపోతున్నాయని ఒక నల్లకళ్లద్దాల కుర్రవాడు వీడియోలో కంటతడి పెట్టాడు. అద్దాలు తీయకుండా కళ్లెట్లా తుడుచుకున్నాడో నాకు అర్థం కాలేదు గానీ, ఈయన మాత్రం నిజంగానే తుడుచుకున్నారు. నెల తిరగకుండా నన్ను వెంటబెట్టుకుని ముద్దనూరు వైపు ఒక పల్లెకు పోయారు. అక్కడ పెద్ద ఓబన్న అనే ముసలి రైతు దగ్గర తాతల నాటి జాతి కోళ్లున్నాయి. ఓబన్నకు మోకాళ్లు పోయాయి. పులివెందులలో కూతురింటికి పోతున్నాడు, అక్కడ కోళ్లకు చోటు లేదు. ఒక పుంజును, రెండు పెట్టలను మా ఆయన చేతిలో పెట్టి ముసలాయన ఏడ్చాడు. ఆ ఏడుపు మాత్రం అద్దాల అడ్డం లేకుండా చూశాను.

“ఈ రక్తం ఇంగ యాడా లేదు సామీ. నీ చేతిలో పెడతాండా,” అన్నాడు. “పుట్టిన పుంజుల్లో మంచిది ఒకటి పెట్టుకో. మిగతావి కోసుకునేవాళ్లకియ్యి. అట్ల చేస్తేనే జాతి నిలబడేది. అన్నిటినీ సాకాలనుకుంటే ఒక్కటీ మిగలదు.”

మొదటి మాటకు మా ఆయన చేతులు జోడించారు. రెండో మాట చెవిన పడనట్టు బుట్ట మూత సర్దుకున్నారు.

పుంజు అందంగా ఉండేది, కాదనను. ఎర్రటి ఒళ్లు, నల్లటి తోక. పెళ్లిలో మగపెళ్లివారి పెద్దమనిషి నడిచినట్టు నడిచేది. దానికి పెద్దయ్య అని పేరు పెట్టారు. నేను వేసుకునే మాత్రల పేర్లు ఆయనకు ఇప్పటికీ తెలియవు గానీ, పెద్దయ్యకు ఏ పూట జొన్నలు, ఏ పూట నానబెట్టిన ఉలవలు అన్నది ఒక్కనాడూ తప్పలేదు.

ఓబన్న నెలకొకసారి ఫోన్ చేసేవాడు. కార్డు మీద ఉన్నది నా నంబరు కాబట్టి నాకే చేసేవాడు. పెద్దయ్య కూత వినాలి ఆయనకు. అప్పుడు మా ఆయన ఫోన్ తీసుకుని పెరట్లో పుంజు ముందు గొంతుక్కూర్చుని, “కూయి నాయనా, ఓబన్న వినల్లంట,” అని బతిమాలేవారు. పుంజు బిగుసుకునేది. ఆఫీసులో పట్టాదారు పాసుపుస్తకం కోసం రైతులు ఈయన్ను ఎట్లా బతిమాలుతారో అట్లా ఈయన పుంజును బతిమాలేవారు. చివరికి అది కూసేది. ఓబన్న సంతోషపడి, “మిగతా పుంజుల్ని కోయిస్తాండావా సామీ?” అని అడిగేవాడు. “అట్లే ఓబన్నా, అట్లే,” అనేవారు ఈయన.

ఆ ‘అట్లే’ పచ్చి అబద్ధం.

పెట్ట పొదిగితే పిల్లల్లో సగం పుంజులే. ఇది నాకు తెలుసు, పెట్టకు తెలుసు, మా ఆయనకే తెలియదు. నాలుగైదు నెలలదాకా అన్నీ ఒక తట్టలోనే మేస్తాయి. తర్వాత ఒక పొద్దున ఒకటి మెడ ఈకలు లేపుతుంది, రెండోది లేపుతుంది, ఇక అన్నదమ్ములు లేరు, అంతా దాయాదులే. జాతి పుంజులు ఊరి కోళ్ల మాదిరి రెండు తన్నుకుని ఊరుకోవు, ఒకటి చచ్చేదాకా ఆగవు. కాబట్టి ఒక్కొక్క దానికి కాలికి తాడు, ఒక గూటం, ఒక గంప, ఒక నీళ్ల చిప్ప. నేను బట్టలారేసే చోట గూటాలు వెలిశాయి. తెల్లవారుజామున ఒకటి కూస్తే, ఊరుకుంటే పరువు పోతుందన్నట్టు మిగతావన్నీ అందుకునేవి. వీధిలో వాళ్లు మొదట దగ్గారు, తర్వాత తిట్టారు, ఆ తర్వాత మా ఇంటికి రావడం మానేశారు.

పుంజులు ఎక్కువైతే చేయగలిగినవి రెండే. కోయాలి, లేదా అమ్మాలి. కోయడమంటే ఈయన రెండు చెవులూ మూసుకునేవారు. అమ్మితే కొన్నవాడు కోస్తాడు. కాబట్టి మా ఆయన మూడో దారి కనిపెట్టారు. ఊరికే ఇచ్చేయడం, కోయనని ఒట్టు వేయించుకుని ఇవ్వడం. మా ముందు గదిలో బ్రహ్మంగారి పటం ఉంది. పుంజు కావాలని వచ్చినవాడు చెప్పులు విడిచి, ఆ పటం మీద చెయ్యి పెట్టి, ‘ఈ పుంజును నేను కోయను’ అనాలి. అంటే పుంజు వాడిది. పైగా నా చేతి కాఫీ కూడా వాడిదే.

ఈ సీమలో నాటుకోడి కూర, సంగటి అంటే జ్వరంలో ఉన్నవాడు కూడా లేచి కూర్చుంటాడు. అట్లాంటి మనుషుల చేతిలో పుంజును పెట్టి, ఒక్క మాట అనిపించుకుంటే చాలని ఈయన నమ్మారు. వాళ్లకు కూడా ఈయన మీద ఎంతో గౌరవం. శనివారం సాయంత్రమైతే మా గుమ్మంలో బ్రహ్మంగారి మీద భక్తి పొంగిపొర్లేది. ఆదివారం మధ్యాహ్నానికి ఏ సందులోకి పోయినా మసాలా వాసన. నేను చెప్పాను. ఒకటికి పదిసార్లు చెప్పాను.

“నీకు మనుషుల మీద నమ్మకం లేదు రుక్మిణీ,” అనేవారు.

“మనుషుల మీద ఉండాది. వాళ్ల కడుపుల మీద లేదు,” అనేదాన్ని.

ఒక్క మనిషి మాత్రం ఒట్టు వేయనన్నాడు. పేరు సాల్మన్ రాజు. దవాఖానాలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు, పెన్న ఒడ్డు వైపు ఇల్లు. ఆయన దగ్గరా పది కోళ్లున్నాయి. మంచి పుంజొకటి కావాలని వచ్చాడు. మా ఆయన పటం చూపించారు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“మా మతంలో ఒట్టు పెట్టకూడదు శ్రీధరప్పా. మీ దేవుడి మీదనే కాదు, మా దేవుడి మీద కూడా పెట్టకూడదు. చేస్తానంటే చేస్తా, చేయనంటే చేయను.”

“అయితే కోయనని ఊరికే చెప్పన్నా.”

“అది ఎట్ల చెప్తా? మంచిదైతే సాక్కుంటా. పనికిరాకపోతే కోసుకుంటా.”

మా ఆయన ముఖం ఎర్రబడింది. పుంజు ఇవ్వలేదు. లోపల నేను కలుపుతున్న కాఫీని కూడా వద్దని సైగ చేశారు. సాల్మన్ రాజు ఏ మాటైనా ప్రసంగం మాదిరి ఆగి ఆగి చెప్తాడు, వినేవాడికి ఆవులింత వస్తుంది. ఆ రోజు కూడా అబద్ధం వల్ల వచ్చే నష్టాల గురించి గుమ్మంలో నిలబడే కొంతసేపు చెప్పి పోయాడు. ఈయనేమో, “చూసినావా, ఎంత కఠినమైన మనసో,” అన్నారు. ఇద్దరికిద్దరే అనుకుని నేను ఆ కాఫీ తాగేశాను.

అట్లా ఏడేళ్లు గడిచాయి. పెద్దయ్య తర్వాత ఉండాలని ఒక్క పుంజును మాత్రం ఇంట్లో ఉంచుకున్నారు. దాని పేరు యువరాజు. తండ్రి పెరట్లో తిరుగుతుంటే మెడ దించి పక్కకు తప్పుకునేది. పుట్టినప్పటి నుంచి తండ్రి కిందే పెరిగింది కాబట్టి ఆ రెండింటికీ తగవు రాలేదు. అది చూసి మా ఆయన పితృభక్తి అన్నారు.

పోయిన ఏడాది ప్రొద్దుటూరులో జాతి కోళ్ల ప్రదర్శన పెట్టారు. యువరాజును బుట్టలో పెట్టుకుని బస్సెక్కి పోయారు. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం పూట ఆటో దిగారు. భుజాన శాలువా, పుంజు మెడలో ఎర్ర రిబ్బను. మొదటి బహుమతి. ఆ నవ్వు మా పెళ్లిలో కూడా చూడలేదు నేను.

“దీన్ని గంప కింద పెట్టండి. బయట తిరిగొచ్చిన పుంజును కలపొద్దని ఓబన్న చెప్పలేదా?” అన్నాను.

“యెవరితో కలుపుతాండా? వాళ్ల నాయనే కదా. గెలిచి ఇంటికొచ్చిన బిడ్డ పెద్దవాళ్ల ఆశీర్వాదం తీసుకోవల్ల,” అన్నారు.

చెప్తే ఎవరూ నమ్మరు. యువరాజును రెండు చేతులతో ఎత్తి, పెద్దయ్య ముందు దాని తల వంచి, దండం పెట్టించి, ఆ తర్వాత కింద వదిలారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కోడిపుంజు చేత తండ్రికి నమస్కారం చేయించిన మనిషి ఈ జిల్లాలో మా ఆయన ఒక్కరే అయి ఉంటారు.

రెండు రోజులు కంటికి కనపడని పుంజు తిరిగొస్తే అది పరాయి పుంజే. తండ్రి కొడుకును గుర్తుపట్టలేదు. కొడుకు తండ్రిని గుర్తుపట్టదలచుకోలేదు. రెండింటి మెడల మీదా ఈకలు గొడుగుల మాదిరి విచ్చుకున్నాయి. జాతి పుంజులు కొట్టుకునేటప్పుడు అరుపు ఉండదు, రెక్కల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఈయన పక్కన నిలబడి చేతులు జోడించి, “వద్దు నాయనా, మీ నాయన రా, వద్దు నాయనా,” అంటున్నారు. నేను గోనెసంచి తొట్టిలో ముంచుకుని పరిగెత్తి వచ్చి వాటి మీద వేసేటప్పటికి ఆలస్యమైంది. యువరాజు గొంతులో తండ్రి కాలి ముల్లు దిగింది. ఈయన భుజం మీద నుంచి జారిన శాలువా మీదే పడి కొడుకు చచ్చిపోయింది. పెద్దయ్యకు రెండు కళ్లూ పోయాయి. జొన్నలు నోట్లో పెట్టినా మింగలేదు, వారం తిరిగేలోగా అదీ పోయింది.

రెండింటినీ పెరట్లో పాతిపెట్టి ఈయన మైల పట్టారు. నేను నవ్వలేదు. నవ్వాలని ఉంది గానీ, ఆయన చిప్పలు కడుగుతూ కడుగుతూ అక్కడే కూర్చుండిపోవడం చూసి ఊరుకున్నాను.

ఇక ఇంట్లో ఉన్నవి పెట్టలు మాత్రమే. అవి కూడా ఈకలు రాలుస్తూ గుడ్లు మానేసిన కాలం. మళ్లీ గుడ్లకు వచ్చేలోగా అదే రక్తపు పుంజు ఒకటి రాకపోతే ఓబన్న తాతల నాటి జాతి మా పెరట్లోనే ముగిసిపోతుంది. ఊరి పుంజును తోలితే పుట్టేది ఊరి కోడి. ఓబన్న ఫోన్ చేశాడు. ఈయన చెయ్యి అడ్డంగా ఊపారు. ఆఫీసులో ఉన్నారని నేను చెప్పాను. తర్వాతి నెల కూడా అదే చెప్పాను. తన అబద్ధాలు చాలక నా చేత కూడా మొదలుపెట్టించారు.

కానీ మా ఆయనకు దిగులు ఎక్కువ కాలం నిలవలేదు. ఒక పొద్దున ముఖం వెలిగిపోతూ వచ్చారు.

“మనం యెందుకు బాధపడతాండాం రుక్మిణీ? మన పుంజులు ఊరూరా ఉండాయి కదా. ఎవర్ని అడిగినా ఒకటి ఇస్తారు.”

చీర మార్చుకుని, “నేనూ వస్తా పదండి,” అన్నాను. ఏడేళ్లు ఎదురుచూసిన తమాషా, ఇంట్లో కూర్చుని ఎందుకు పోగొట్టుకోవాలి?

మొదట ప్రొద్దుటూరు పోయాం. బంగారు అంగట్లో గుమాస్తా నరసింహులు మా దగ్గర మూడు పుంజులు తీసుకున్నాడు. ప్రతిసారీ పటం ముందు కళ్లు మూసుకుని మరీ ఒట్టు వేసినవాడు. మమ్మల్ని చూసి కుర్చీలు వేయించాడు, సోడా తెప్పించాడు. పుంజుల మాట ఎత్తగానే అతని ముఖంలో రకరకాల రంగులు మారాయి.

“ఒగదాన్ని పిల్లి యెత్తుకపోయింది సామీ. ఇంగొకటి గద్ద యెత్తుకపోయింది.”

“నాలుగు కేజీల పుంజును గద్ద యెత్తుకపోయిందా?” అన్నాను నేను.

“పెద్ద గద్ద తల్లీ,” అన్నాడు నరసింహులు.

మూడోది ఏమైందని అడిగితే సోడా ఇంకొకటి తెప్పించాడు. మా ఆయన పాపం అని తల ఊపారు. గద్దల గురించి బస్సులో నాకు చాలాసేపు చెప్పారు.

అక్కడి నుంచి పులివెందుల. ఓబన్న ఉండే వీధి కనపడకుండా చుట్టూ తిరిగి, ఊరి బయట గంగాధర్ రెడ్డి అరటి తోటకు పోయాం. ఆయన పెద్ద రైతు. ఐదు పుంజులు తీసుకున్నాడు. అరటి చెట్ల మధ్య స్వేచ్ఛగా తిరుగుతాయని చెప్పి మా ఆయన చేత కంటతడి పెట్టించిన మహానుభావుడు.

“ఉండాయి సామీ, ఉండక యాడికి పోతాయి?” అంటూ లోపలికి కేక వేశాడు. పాలేరు ఒక కోడిని పట్టుకొచ్చాడు. తెల్లటి కోడి. కోళ్ల ఫారంలో మందులు తిని లావెక్కిన రకం. సరిగా నిలబడలేక కూర్చుండిపోయింది.

“మనది ఎర్రది కదా మామా,” అన్నారు మా ఆయన.

“నీళ్ల మార్పు సామీ. మా బోరు నీళ్లలో ఉప్పు శానా ఎక్కువ. రంగు పోయింది.”

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట. ఈయన ఆ తెల్లకోడి ముందు కూర్చుని దాని కాళ్లు చూశారు, ముక్కు చూశారు. ఆ తర్వాత తలెత్తి నా వైపు చూశారు. ఏడేళ్లలో మొదటిసారి ఆ చూపులో అనుమానం కనపడింది. నేను వేరే వైపు చూడలేదు.

“మామా, బ్రహ్మంగారి మీద ఒట్టేసినావు కదా,” అన్నారు నెమ్మదిగా.

గంగాధర్ రెడ్డికి విసుగొచ్చింది. “యేసినా సామీ. కోయనని యేసినా. నేను కోయలేదే. మా పాలేరు కోసినాడు. తిననని నేను యాడన్నా చెప్పినానా? నువ్వు అడిగినావా?” అన్నాడు. “అయినా ఇంతకాలం నీకు తెలీదా? మా ఇంట్లో చిన్నపిల్లోళ్లు గూడా సామి కోడి, సామి కోడి అని తింటారు. నీకు తెలుసనే అనుకుంటిమి అందరం.”

సామి కోడి. మా ఇంటి పుంజులకు ఊళ్లలో పేరు కూడా వచ్చింది. తిరుగు బస్సులో మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నా నోట్లో ఏడేళ్ల మాటలున్నాయి. జమ్మలమడుగు వచ్చేదాకా వాటిని నమిలి మింగుతూ కూర్చున్నాను.

మరునాడు ఆఫీసులో తన తోటి గుమాస్తా నూర్ అహ్మద్‌ను పట్టుకున్నారు. అతను అందరిలాగే ఒట్టు వేసి రెండు తీసుకున్నాడు. ఈసారి పిల్లి, గద్ద అన్న మాట రాకముందే ఈయన, “నిజం చెప్పు నూరూ. తిన్నా నేనేమీ అనను,” అన్నారట. నూర్ అహ్మద్ తల దించుకుని, ఒకటి తిన్నామని, రెండోదాన్ని సాల్మన్ రాజుకు ఇచ్చామని చెప్పాడు.

సాయంత్రం ఇద్దరం పెన్న వైపు నడిచాం. గేటు దగ్గరే కనపడింది. కానుగ చెట్టు కింద గూటానికి కట్టి ఉంది. ఎర్రటి ఒళ్లు, నల్లటి తోక. మమ్మల్ని చూసి మెడ సాచింది. పెద్దయ్య కూడా కొత్తవాళ్లను చూస్తే అట్లాగే సాచేది. మా ఆయన గేటు పట్టుకుని నిలబడిపోయారు.

సాల్మన్ రాజు బయటికి వచ్చాడు. భార్య ప్రసన్నకుమారి వెనకే రెండు స్టీలు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. “మా ఇంటికి యెవరొచ్చినా కాఫీ ఇస్తామండీ,” అంది. ఆ ‘యెవరొచ్చినా’ ఎవరికో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. తల వంచుకుని తాగారు.

“కూరకని తెచ్చినాడు నూరు,” అన్నాడు సాల్మన్ రాజు, తనకలవాటైన ప్రసంగపు గొంతుతో. “చూస్తే కోయబుద్ధి కాలేదు. కాళ్లు చూడు, చూపు చూడు. ఇట్లాంటిది దొరికినాక కోసేవాడు మూర్ఖుడు. మూర్ఖత్వమనేది యెట్లాంటిదంటే...”

“అన్నా, ఇది నాక్కావల్ల,” అన్నారు మా ఆయన. మధ్యలో అడ్డం రాకపోతే చీకటి పడేదాకా అక్కడే ఉండేవాళ్లం.

“ఇయ్యను. పెట్టలు పొదుగుకు కూర్చునేదాకా మీ ఇంట్లో పెట్టుకో. ఆ తర్వాత నాది నాకు. కానీ ఒక మాట. పుట్టే పుంజుల్లో నువ్వు పెట్టుకునేది ఒకటే. మిగతావి నీ చేత్తో తెచ్చి నాకియ్యల్ల. కూరకే. సరేనంటే సరే, కాదంటే కాదు.”

మా ఆయన చూద్దామన్నారు. ప్రయత్నిస్తానన్నారు. చివరికి అలవాటు చొప్పున, “ఒట్టు వేస్తా అన్నా,” అన్నారు.

“ఒట్టు నాకెందుకప్పా? అందరూ యేసినారు కదా నీకు,” అన్నాడు సాల్మన్ రాజు.

ఆ మాట చెంపదెబ్బ మాదిరి తగిలింది, నాక్కూడా. ఏడేళ్లు నేను అన్న మాటలన్నీ కలిపినా అంత పదును లేదు. మా ఆయన గ్లాసు కింద పెట్టి పుంజు వైపు చూశారు. తర్వాత, “సరే,” అన్నారు.

నేను నమ్మలేదు. ఈ మనిషి ‘సరే’ ఎంతదో నాకంటే ఎవరికి తెలుసు?

వానలకు పెట్టలు గుడ్లు పెట్టాయి, పొదిగాయి. సాల్మన్ రాజు పుంజు వాళ్లింటికి తిరిగి పోయింది. పిల్లల్లో ఐదు పుంజులు తేలాయి. ఈసారి వేటికీ పేరు పెట్టనన్నారు మా ఆయన. పదిహేను రోజులు తిరగకుండా ఒకదాన్ని చిట్టీ అని పిలవడం నా చెవులారా విన్నాను. చిట్టి ఆయన ఒళ్లో కూర్చుని అరచేతిలో గింజలు తినేది. సాయంత్రం ఆఫీసు నుంచి బండి చప్పుడు వినపడితే గేటు దాకా ఎదురు పోయేది. దానికి వంకర వేలు. పక్క పుంజు మెడ లేపితే పెట్టల వెనక దాక్కునేది. ఐదింటిలో ఒకటి మాత్రం దగ్గరికి పోతే చాలు పంచె మీద నుంచే పొడిచేది. దాని కాళ్లు, దాని నిలువు, దాని చూపు అన్నీ పెద్దయ్యవే. ఇది చూడ్డానికి పెద్ద చదువు అక్కర్లేదు, నాకే కనపడింది.

అవి మెడ ఈకలు లేపడం మొదలుపెట్టిన వారం, ఆదివారం పొద్దున ఆయన బుట్ట బయటికి తీశారు. నేను మాటలు సిద్ధం చేసుకుని అరుగు మీద కూర్చున్నాను. చిట్టినే పెట్టుకుంటారని నాకు ఖాయంగా తెలుసు. దాని వేలు వంకర కాదు, అదొక శుభలక్షణం అంటారు. ఓబన్న జాతి ఒక పిరికి పుంజుతో ముగుస్తుంది. అప్పుడు ఏమేమి అనాలో నా నాలుక చివరే ఉంది.

ఆయన కింద కూర్చుని పిడికెడు జొన్నలు అరచేతిలో పోసుకుని చెయ్యి చాచారు. చిట్టి పరిగెత్తి వచ్చింది. తినేదాకా చెయ్యి కదపలేదు. చివరి గింజ అయిపోయాక దాన్ని ఎత్తుకుని, రెండు కాళ్లు కలిపి గుడ్డపీలికతో కట్టి, బుట్టలో పెట్టారు. మొదట పెట్టింది దాన్నే. ఆ తర్వాత మిగతా మూడింటినీ పట్టుకున్నారు. పొడిచేదాన్ని ముట్టుకోలేదు.

నా నోట్లో ఒక్క మాట మిగల్లేదు. ఏడుపొచ్చింది. ఎవరికోసమో కూడా తెలియలేదు, కోడికోసమా, ఈ మనిషికోసమా. ముఖం కడుక్కుని వెంట పోయాను.

సాల్మన్ రాజు గేటు తీశాడు. బుట్టలోకి చూశాడు. ఆ ఒక్క రోజు ప్రసంగం చేయలేదు.

“అన్నా,” అన్నారు మా ఆయన. పటం, ఒట్టు అన్నీ మళ్లీ వస్తాయేమో అనుకున్నాను. “వంకర వేలుదాన్ని మొదట కానియ్యి. మిగతావాటిని కోస్తాంటే చూస్తూ ఉండనీయొద్దు దాన్ని.”

“అట్లే శ్రీధరప్పా,” అన్నాడు ఆయన.

ఇంటికొచ్చి స్నానం చేసి తువ్వాలు భుజాన వేసుకుంటుండగానే నా ఫోన్ మోగింది. ఓబన్న. నేను మామూలుగా ఆఫీసు అనబోయి, ఆదివారమని గుర్తొచ్చి ఆగాను. మా ఆయన చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నారు.

“శానా దినాలాయె సామీ. పెద్దయ్య కూత వినిపియ్యి,” అంటున్నాడు ఓబన్న. గొంతు బాగా పడిపోయింది.

మా ఆయన పెరట్లోకి పోయి మిగిలిన పుంజు ముందు కూర్చున్నారు. బతిమాలలేదు. ఫోన్ చాచి ఊరుకున్నారు. అది ముందు మణికట్టు మీద పొడిచింది, రక్తం వచ్చింది. ఆ తర్వాత మెడ ఎత్తి కూసింది.

“ఇది పెద్దయ్య కాదే,” అన్నాడు ఓబన్న.

“కాదు ఓబన్నా. పెద్దయ్య చచ్చిపోయినాడు. నా తప్పే. ఇది మనమడు.”

“మిగతా పుంజులు?”

“పొద్దున ఇచ్చొచ్చినా. నా చేత్తో.”

“కోసేవాళ్లకేనా?”

“కోసేవాళ్లకే.”

“గొంతు అదే సామీ,” అన్నాడు ఓబన్న. “దీన్ని పెట్టుకో.”

మా ఆయన ఫోన్ నా చేతికిచ్చి తొట్టి దగ్గరికి పోయి మణికట్టు కడుక్కున్నారు. రక్తం ఆగిపోయినా ఇంకా కడుగుతూనే ఉన్నారు. సాయంత్రం గింజలు వేయడానికి కూడా లేవలేదు, గోడకు ఆనుకుని గేటు వైపు చూస్తూ కూర్చున్నారు. నేనే జొన్నలు తీసుకుని పోయి వేశాను. అది నన్నూ పొడిచింది.